ఐదు లింగాల దారిలో నాగావళి

ఆగస్టు వచ్చిందంటే నాగావళి పేరు పేపర్ల మొదటి పేజీకి ఎక్కుతుంది. తోటపల్లి గేట్లు ఎత్తారు, ఇన్ని వేల క్యూసెక్కులు కిందికి వదిలారు, ఏటొడ్డు ఊళ్లవాళ్లు జాగ్రత్తగా ఉండాలి అని రాస్తారు. అదే ఏరు శివరాత్రి నాటికి శ్రీకాకుళం వంతెనల కింద ఇసుక మేటల మధ్య పాయలుగా చీలి, మోకాలు దాటని లోతున పారుతుంటుంది. ఆరు నెలల కిందట అన్ని నీళ్లు పోయాయి కదా, అవన్నీ ఏమయ్యాయని ఈ జిల్లాల్లో ప్రతి వేసవిలోనూ జనం అడుగుతారు. సముద్రం పాలయ్యాయన్నది ఎప్పుడూ వినబడే జవాబు. అది సగం జవాబే. మిగతా సగం ఏటి పొడవులో, వాలులో, ఉపనదులు కలిసే చోట్లలో, మనం కట్టుకున్న కట్టల పరిమాణంలో ఉంది.

నాగావళి ఒడిశాలోని కలహండి జిల్లాలో, తువాముల్ రాంపూర్ ప్రాంతంలోని లఖ్‌బహాల్ గ్రామం దగ్గర, సుమారు 1,300 మీటర్ల ఎత్తున పుడుతుంది. మొత్తం పొడవు 256 కిలోమీటర్లు. అందులో 161 కిలోమీటర్లు ఒడిశాలో పారి, మిగతా 95 కిలోమీటర్లు పార్వతీపురం మన్యం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మీదుగా వచ్చి కళ్లేపల్లి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. పరీవాహక ప్రాంతం 9,510 చదరపు కిలోమీటర్లు, అందులో దాదాపు సగం ఒడిశాదే.

ఈ అంకెల్లో అసలు సంగతి వాలు. 1,300 మీటర్ల ఎత్తును 256 కిలోమీటర్లలో దిగిపోతోందంటే సగటున కిలోమీటరుకు ఐదు మీటర్లు. గోదావరి 1,067 మీటర్ల ఎత్తున పుట్టి 1,465 కిలోమీటర్లు నడుస్తుంది. కిలోమీటరుకు ముప్పావు మీటరు కూడా లేదు. గోదావరిలో వరద రోజుల తరబడి నడిచి వస్తుంది, కాబట్టి కింద ఉన్నవాళ్లకు సర్దుకునే వ్యవధి ఉంటుంది. నాగావళికి ఆ వ్యవధి లేదు. పైగా దిగువ 95 కిలోమీటర్లలో వాలు ఒక్కసారిగా పలచబడి, ఇంచుమించు కిలోమీటరుకు మీటరుకు వచ్చేస్తుంది. కొండ మీద నుంచి ఉరికి వచ్చిన నీరు ఇక్కడ నెమ్మదించి, ఒడ్డులు దాటి పరుచుకుంటుంది. ముంపు ఊళ్లు ఎక్కువగా పాలకొండ, బూర్జ, ఆమదాలవలస, శ్రీకాకుళం వైపు ఉండటానికి కారణం ఇదే.

ఈ ఏటి నడకను తెలుసుకోవడానికి మన పెద్దలు వదిలిపెట్టిన దారి ఒకటి ఉంది. కళింగంలో కరువు వచ్చినప్పుడు తీర్థయాత్రలో ఉన్న బలరాముణ్ణి జనం వేడుకున్నారనీ, ఆయన నాగలితో నేల మీద చాలు తీస్తే ఆ చాలు వెంట ఈ ఏరు పారిందనీ స్థలపురాణం. లాంగలం అంటే నాగలి, అందుకే లాంగుల్య అనే పేరు కూడా దీనికి ఉంది. ఆ ఏటి ఒడ్డున బలరాముడు ఐదు చోట్ల శివలింగాలు ప్రతిష్ఠించాడని చెబుతారు. రాయగడ దగ్గర పాయకపాడులో పాతాళేశ్వరుడు, కొమరాడ మండలం గుంపలో సోమేశ్వరుడు, వంగర మండలం సంగాంలో సంగమేశ్వరుడు, శ్రీకాకుళం గుడివీధిలో ఉమారుద్ర కోటేశ్వరుడు, ఏరు కడలిలో కలిసే చోట కళ్లేపల్లిలో మణినాగేశ్వరుడు. శివరాత్రికి ఐదు చోట్లా జాతరే.

ఈ ఐదు గుళ్లనూ మ్యాప్ మీద గుర్తు పెట్టి చూడండి. ప్రతి చోటా ఏరు ఏదో ఒక విధంగా మారుతుంది. ఒక చోట కొండల్లోంచి బయటపడుతుంది, ఒక చోట జంఝావతి కలుస్తుంది, ఒక చోట సువర్ణముఖి, వేగవతుల నీరు కలుస్తుంది, ఒక చోట పట్నం దాని మీద ఆధారపడి బతుకుతుంది, చివరి చోట ఉప్పునీటిని తాకుతుంది. పూజ చేసేవాళ్లు ఏటిని ఎంత శ్రద్ధగా గమనించి ఆ చోట్లు ఎంచుకున్నారో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇంజనీర్ల లెక్కలు కూడా దాదాపు ఆ చోట్ల చుట్టూనే తిరుగుతాయి.

కొండల నుంచి గుంప దాకా

రాయగడ చుట్టుపక్కల ఏరు బండల మీద నుంచి దూకుతూ వస్తుంది. హాతీపథర్ జలపాతం ఆ దారిలోనిదే. ఎగువన కొండలు నిటారుగా ఉండి, పోడు కొట్టిన చోట్ల మట్టికి పట్టు తగ్గడంతో, పెద్ద వాన పడితే నీరు ఇంకే లోపే గెడ్డల్లోకి, అంటే కొండ వాగుల్లోకి, దిగిపోతుంది. 2017 జూలై 16న రాయగడ జిల్లాలో కురిసిన కుంభవృష్టికి తెరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెన కొట్టుకుపోయింది. వంతెన కింద పారేది నాగావళి కాదు, దానిలో కలిసే కల్యాణి అనే చిన్న నది. చిన్న నదికే అంత ఊపు వచ్చిందంటే, అలాంటివి పదింటి నీరు ఒకే రాత్రి అసలు ఏట్లో పడితే ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

అందుకే శ్రీకాకుళంలో ఎండ కాస్తుండగా ఏరు పెరగడం ఇక్కడ వింత కాదు. వరద నీరు సెకనుకు రెండు మీటర్ల వేగంతో నడిచిందనుకుంటే గంటకు ఏడు కిలోమీటర్లు. రాష్ట్ర సరిహద్దు నుంచి సముద్రం దాకా ఉన్న 95 కిలోమీటర్లకు పదమూడు, పద్నాలుగు గంటలు. సాయంత్రం రాయగడలో కుండపోత పడితే తెల్లవారేసరికి ఇక్కడ మోటార్లు మునిగిపోతాయి. ఏటొడ్డున కూరగాయలు, చెరకు వేసే రైతులు తమ ఊరి ఆకాశం చూసుకుని ధైర్యంగా పడుకోకూడదు. జూలై నుంచి అక్టోబరు దాకా రాయగడ, కొరాపుట్ వర్షపాతం వార్తలే వాళ్లకు అసలు హెచ్చరిక.

గుంప దగ్గర జంఝావతి వచ్చి కలుస్తుంది. సోమేశ్వరుడి గుడి రెండు నదుల సంగమంలో ఉంటుంది. ఈ జంఝావతి మీదే రెండు రాష్ట్రాల మధ్య ఎంతకాలంగానో తెగని సమస్య ఒకటి ఉంది. కొమరాడ మండలం రాజ్యలక్ష్మీపురం దగ్గర 24,640 ఎకరాలకు నీరిచ్చేలా రిజర్వాయరు తలపెట్టారు. కట్ట పూర్తిగా మూస్తే నీరు వెనక్కి తన్ని ఒడిశా భూములు మునుగుతాయి. 1978లో రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం కుదిరినా ముంపు వ్యవహారం తేలలేదు. ఏరు పారే మధ్య ఖాళీని మూయడానికి వీల్లేక కట్ట రెండు వైపులా నిలిచిపోయింది.

ఆ ఖాళీలో 2006 జనవరి 1న రబ్బరు డ్యామ్ ప్రారంభించారు. ఇది పనిచేసే తీరు సూటిగానే ఉంటుంది. ఏటి అడుగున కాంక్రీటు దిమ్మె కడతారు. దానికి మందపాటి రబ్బరు గుడ్డతో చేసిన పొడవాటి సంచిని ఉక్కు పట్టీలతో బిగిస్తారు. సంచిని ఉబ్బిస్తే అడ్డుకట్టలా లేచి నీటిమట్టాన్ని కాలువ తూము ఎత్తుకు తెస్తుంది. వరద వస్తే సంచి చదునై, నీరు మీద నుంచి పోతుంది. కాబట్టి ఎగువన ముంపు ఉండదు. ఇబ్బంది ఏమిటంటే, ఇది నీటిని మళ్లిస్తుంది గాని దాచదు. ఏరు పారుతున్నంత కాలమే కాలువ పారుతుంది. వాన ఎత్తేసి ఏరు సన్నబడితే సంచి ఉబ్బి ఉన్నా లాభం లేదు. అందుకే అనుకున్న ఆయకట్టులో కొంత భాగానికే నీరు అందుతోంది. రబ్బరు డ్యామును గొప్ప సాంకేతిక విజయంగా చెప్పుకోవడం విన్నాం. సాంకేతికంగా అది నిజమే. కాని కాలువ చివరన ఉండే శివారు రైతుకు కావలసింది సెప్టెంబరు నెలాఖరు నీరు, దాన్ని ఇచ్చేది నిల్వ మాత్రమే.

ఈ ఎగువ భాగంలో ఏటికి అవతల ఉన్న గిరిజన గ్రామాల కష్టం వేరు. కొమరాడ మండలంలో పూర్ణపాడు, లాబేసు మధ్య వంతెన కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఏరు నిండితే ఆసుపత్రికి వెళ్లాలన్నా, రేషన్ తెచ్చుకోవాలన్నా నాటు పడవే దిక్కు. కొన్నేళ్లుగా ఏనుగుల గుంపు కూడా కొమరాడ, గరుగుబిల్లి, జియ్యమ్మవలస మండలాల్లో ఏటి వెంటే తిరుగుతోంది. నీరు, చెరకు, అరటి ఒకే చోట దొరికే నేల ఇది.

తోటపల్లి లెక్క

ఐదు లింగాల వరుసలో తోటపల్లి లేదు. ఏటి ఒడ్డున వేంకటేశ్వరస్వామి గుడి ఉంది, ఉత్తరాంధ్ర చిన్న తిరుపతి అని పిలుస్తారు. కాని ఈ ఏటి నీరు ఎటు పోవాలో తేలేది ఇక్కడే. 1908లోనే ఇక్కడ రెగ్యులేటరు కట్టారు. దాని కింద సుమారు 64 వేల ఎకరాలు సాగయ్యేవి. పాతది శిథిలమవడంతో కొత్త బ్యారేజీ కట్టి, సర్దార్ గౌతు లచ్చన్న పేరు పెట్టి, 2015లో ప్రారంభించారు. పాత ఆయకట్టును నిలబెట్టడంతో పాటు కొత్తగా లక్షా ఇరవై వేల ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. పూర్తి నీటిమట్టం 105 మీటర్లు, నిల్వ సుమారు 2.5 టీఎంసీలు.

ఇక్కడ ఒక చిన్న లెక్క తెలుసుకుంటే పేపర్లో వచ్చే అంకెలన్నీ మనకే అర్థమవుతాయి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కుల ప్రవాహం ఇరవై నాలుగు గంటలు పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఆ లెక్కన 29 వేల క్యూసెక్కుల ఇన్‌ఫ్లో ఒక్క రోజు వస్తే ఖాళీ తోటపల్లి నిండిపోతుంది. లక్ష క్యూసెక్కులు వస్తే ఏడు గంటలు చాలు.

మరో వైపు నుంచి చూడండి. మొత్తం పరీవాహక ప్రాంతంలో ఒక సెంటీమీటరు నీరు ఇంకకుండా జారిపోయిందనుకుంటే అది 3.36 టీఎంసీలు. తోటపల్లికి ఎగువన ఉన్నది ఇందులో సగమే అనుకుని లెక్క కట్టినా, ఒకటిన్నర సెంటీమీటర్లు జారితే బ్యారేజీ నిండుతుంది. ఒక్క తుపానుకు ఈ కొండల్లో పది, పదిహేను సెంటీమీటర్ల వాన పడటం మామూలే. కాబట్టి తోటపల్లి వరదను ఆపుతుందనుకోవడం పొరపాటు. వరద రాకముందే గేట్లు ఎత్తి మట్టం కాస్త తగ్గించుకోవడం, వచ్చిన నీటిని వచ్చినట్టే వదలడం తప్ప గేట్ల దగ్గర ఉన్నవాళ్లకు దారి లేదు. "నీరు నిండకముందే వదిలేస్తున్నారు" అని కోప్పడే వాళ్లు ఈ ఏడు గంటల సంగతి గుర్తుపెట్టుకోవాలి. గేట్లు ఆలస్యంగా ఎత్తితే కిందికి ఒకేసారి పెద్ద కెరటంలా పోతుంది, అది ఇంకా ప్రమాదం.

సాగు లెక్క దీనికంటే కఠినం. వరికి దమ్ము నుంచి కోత దాకా మొత్తం 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుందాం. ఎకరాకు సుమారు 4,850 ఘనపు మీటర్లు. పాత, కొత్త ఆయకట్లు కలిపి లక్షా ఎనభై నాలుగు వేల ఎకరాలకు 31 టీఎంసీలు పైమాటే. అందులో సగం నేరుగా పడే వానే తీర్చినా 16 టీఎంసీలు కాలువల్లోంచి రావాలి. 2.5 టీఎంసీల బ్యారేజీ ఒక ఖరీఫ్‌లో ఆరేడు సార్లు నిండి ఖాళీ కావాలన్నమాట. ఏరు నిత్యం పారుతున్నప్పుడే అది కుదురుతుంది. ఆగస్టులోనో, సెప్టెంబరు చివర్లోనో ఇరవై రోజులు వాన ముఖం చాటేస్తే నిల్వ కొద్ది రోజుల్లో అయిపోతుంది. వరి సరిగ్గా చిరుపొట్ట దశలో ఉండేది ఆ రోజుల్లోనే. ఆ దశలో మడి ఆరితే గింజ తాలు పోతుంది, తర్వాత ఎంత నీరు పెట్టినా తిరిగి రాదు.

దెబ్బ మొదట తగిలేది శివారుకు. కొత్త కుడి ప్రధాన కాలువ పొడవు దాదాపు 118 కిలోమీటర్లు. చీపురుపల్లి, గరివిడి, గుర్ల మీదుగా లావేరు, రణస్థలం వైపు నీరు తీసుకెళ్లాలి. గజపతినగరం వైపు బ్రాంచి కాలువ వేరే. సెకనుకు డెబ్భై సెంటీమీటర్ల వేగంతో పారినా తలగేటు దగ్గర వదిలిన నీరు చివరికి చేరడానికి రెండు రోజులు నిండా పడుతుంది. దారిలో ఎవరూ ముట్టుకోకపోతే అన్న మాట. ముట్టుకోకుండా ఉండరు. తూము షట్టరు విరిగి ఉంటుంది, లేదా దాన్ని ఎత్తి రాయి పెట్టేస్తారు. పిల్ల కాలువ తవ్వని చోట గట్టుకు గండి కొట్టి మళ్లించుకుంటారు. గుర్రపుడెక్క పేరుకుని నీరు అడ్డం తిరుగుతుంది. లైనింగు పగిలిన చోట, ఇసుక నేలల్లో, ఊట పేరుతో పోయేది తక్కువేమీ కాదు. పూడిక తీసి షట్టర్లు బాగుచేయాల్సిన అదను ఏప్రిల్, మే. జూన్ నెలాఖరున పనులు మొదలుపెడితే మొదటి వానకే తీసిన పూడిక మళ్లీ కాలువలోకి జారుతుంది.

నీరు ఎప్పుడొస్తుందో నమ్మకం లేని చోట్ల రైతులు తమ పద్ధతి తామే మార్చుకున్నారు. ఆకుమడి పోసి ఉభాలు, అంటే నాట్లు, వేయడానికి బదులు ఎదలు జల్లుతున్నారు, అంటే విత్తనాన్ని నేరుగా చేలోనే వేస్తున్నారు. ఎదలకు మొదట్లో నీటి అవసరం తక్కువ, కూలి ఖర్చు కలిసొస్తుంది. కాని కలుపు ఎక్కువ, మొలక దశలో గట్టి వాన పడితే విత్తనం కొట్టుకుపోతుంది. రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఆర్జీఎల్ 2537, అంటే శ్రీకాకుళం సన్నాలు, ఈ నేలల్లో బాగా పేరు తెచ్చుకున్న రకం. వరి కోసే ముందు చేలోనే పెసర, మినుము జల్లి మిగిలిన తేమతో అపరాలు పండించుకోవడం ఇక్కడి పాత తెలివి. ఏరు అక్టోబరు దాకా పారిందా లేదా అన్నది ఆ అపరాల దిగుబడిలో కనిపిస్తుంది.

సంగాం, నారాయణపురం

సాలూరు కొండల్లో పుట్టిన సువర్ణముఖి, పాచిపెంట కొండల్లో పుట్టిన వేగవతి, వీటి నీరు నాగావళిని చేరే చోటు సంగాం. త్రివేణీ సంగమంగా శివరాత్రికి ఇక్కడ జనం ఏరంతా నిండిపోతారు. సంగమానికి కాస్త ఎగువన సువర్ణముఖి మీద మడ్డువలస రిజర్వాయరు ఉంది. నిల్వ 3.37 టీఎంసీలు, పూర్తి మట్టం 65 మీటర్లు, మొదటి దశ ఆయకట్టు దాదాపు 25 వేల ఎకరాలు.

దిగువ ఊళ్లకు వరద ఎంత వస్తుందో తోటపల్లి అంకె ఒక్కటే చూసి చెప్పలేం. తోటపల్లి నుంచి 60 వేలు, మడ్డువలస నుంచి 40 వేలు వదిలారనుకోండి. రెండు కెరటాలూ సంగాం దగ్గర వేర్వేరు సమయాల్లో చేరితే ఏరు రెండుసార్లు ఓ మోస్తరుగా పెరిగి తగ్గుతుంది. ఒకే గంటలో చేరితే లక్ష క్యూసెక్కుల వరద నారాయణపురం వైపు నడుస్తుంది. కాబట్టి రెండు చోట్లా గేట్లు చూసేవాళ్లు గంట గంటకూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. బూర్జ, సంతకవిటి మండలాల ఏటొడ్డువాళ్లు రెండు అంకెలనూ కలిపి చూసుకోవాలి.

కార్తీక సోమవారాలకు, పోలి పాడ్యమికి, శివరాత్రికి ఏట్లో దిగే భక్తులకు ఒక మాట. కార్తీకం నాటికి వరద దిగి, నీరు తేరుకుంటుంది. పోలి పాడ్యమి తెల్లవారుజామున ఆడవాళ్లు అరటి దొప్పల్లో వత్తులు వెలిగించి వదిలితే అవి కొట్టుకుపోకుండా మెల్లగా సాగేంత పారుదల ఉంటుంది. పండుగల కాలం ఏటి కాలానికి చక్కగా అమరింది. అయితే ఇప్పుడు ఏటి అడుగు పూర్వంలా చదునుగా లేదు. ఇసుక తవ్విన గోతులు నీటి కింద కనబడవు. మోకాలు లోతు నుంచి ఒక్క అడుగులో నిలువు లోతుకు పోతుంది. రేవు మెట్లు ఉన్న చోటనే, కర్రతో అడుగు తడుముకుంటూ దిగాలి. తెల్లటి కొత్త ఇసుక మేట అంచున నిలబడకూడదు, అడుగు నుంచి కోసుకుపోయి విరిగిపడుతుంది. నీరు ఉన్నట్టుండి మట్టి రంగుకు తిరిగినా, పుల్లలు, చెత్త తేలుతూ వచ్చినా, వెంటనే ఒడ్డెక్కాలి. పైన వరద బయలుదేరిందని దాని అర్థం.

సంగాం దాటాక నారాయణపురం ఆనకట్ట. 1960 ప్రాంతంలో కట్టినది, దీని కింద సుమారు 37 వేల ఎకరాలు. తోటపల్లిలా గేట్లతో ఆపే కట్ట కాదు, మట్టం పెంచి కాలువల్లోకి మళ్లించి, మిగతా నీటిని మీద నుంచి పొంగిపోనిచ్చే కట్ట. కుడి కాలువ సంతకవిటి, పొందూరు మీదుగా ఎచ్చెర్ల వైపు, ఎడమ కాలువ బూర్జ, ఆమదాలవలస మీదుగా శ్రీకాకుళం వైపు. ఆరు దశాబ్దాల నాటి కట్టకు జపాన్ సంస్థ జైకా నిధులతో ఆధునికీకరణ తలపెట్టారు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక ఒక కొత్త చిక్కు వచ్చింది. పాలకొండ, వీరఘట్టం మన్యం జిల్లాలోకి, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి, రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. ఒకప్పుడు తోటపల్లి విజయనగరం జిల్లాదైతే, దిగువంతా దాదాపు శ్రీకాకుళానిదే. ఇప్పుడు నారాయణపురం కుడి కాలువ తల ఒక జిల్లాలో, శివారు మరో జిల్లాలో ఉంది. నీరు తక్కువైన ఏడాది వంతులవారీగా పంచాలంటే ముగ్గురు కలెక్టర్ల దగ్గర మాట తేలాలి. ఏటికి జిల్లా సరిహద్దు తెలియదు. నీటిపారుదల సలహా మండలి సమావేశం మూడు జిల్లాలకూ కలిపి నాగావళి పేరున ఒకటి జరగడమే సబబు.

నాగావళి కొరత తీర్చడానికి పక్క నది వైపు కూడా చూస్తున్నారు. వంశధార కూడా కలహండి కొండల్లోనే పుట్టి, గొట్టా బ్యారేజీ దాటి కళింగపట్నం దగ్గర కడలిలో కలుస్తుంది. హిరమండలం రిజర్వాయరు సామర్థ్యం 19 టీఎంసీలు. నాగావళి మీద ఉన్న ఏ కట్టకూ అంత నిల్వ లేదు. అందుకే హిరమండలం నుంచి నారాయణపురం దాకా 33.5 కిలోమీటర్ల హైలెవల్ కాలువ పని చేపట్టారు. వంశధార నీటి వాటాపై ట్రిబ్యునల్ 2017 సెప్టెంబరులో తీర్పు ఇచ్చింది. గొట్టా దగ్గర లెక్కించిన 115 టీఎంసీలను ఒడిశా, ఆంధ్ర చెరిసగం వాడుకోవాలి. వంశధారలో వరద ఉండగానే హిరమండలం నింపుకుని, నాగావళి సన్నబడిన వారాల్లో అటు మళ్లిస్తేనే ఈ అనుసంధానం వల్ల మేలు. రెండు నదులూ ఒకే కొండల్లో, ఒకే వానకు నిండుతాయి. అందుకే నిల్వ లేని అనుసంధానం వల్ల పెద్దగా ఒరిగేది ఉండదు.

శ్రీకాకుళం ఇసుక

కోటేశ్వరుడి గుడి ఏటి ఒడ్డునే ఉంది. ఇంద్రుడు వేళ కాని వేళ కోటేశ్వర దర్శనానికి వస్తే నంది అడ్డుకుని తన్నాడనీ, ఆ దెబ్బకు ఇంద్రుడు పడిన చోట సూర్యుణ్ణి ప్రతిష్ఠించాడనీ, అదే అరసవల్లి అనీ చెబుతారు. మార్చి రెండో వారంలోను, అక్టోబరు మొదటి వారంలోను సూర్యోదయ వేళ సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకే ఆ గుడి కథ కూడా నాగావళి ఒడ్డు నుంచే మొదలవుతుంది.

పట్నం దాహం తీర్చేది ఏట్లో పైకి కనబడే నీరు కాదు, ఇసుక లోపలి నీరు. ఏట్లో ఊటబావులు తవ్వి, అడుగున చిల్లుల పైపులు పరిచి, ఇసుకలోంచి వడకట్టుకుని వచ్చే నీటిని తోడతారు. ఏరు పైకి ఎండినా ఇసుక కింద నీరు ఉంటుంది. ఒక చదరపు కిలోమీటరు ఏటిలో ఒక మీటరు మందం తడి ఇసుక ఉందనుకోండి. ఇసుకలో పావు వంతు తోడుకోగల నీరు అనుకుంటే అది 25 కోట్ల లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున లక్ష మందికి పద్దెనిమిది రోజులు. ఆ ఒక్క మీటరు ఇసుకనూ లారీలకెత్తితే పోయేది ఆ పద్దెనిమిది రోజుల నీరు. పైగా ఏటి అడుగు దిగడంతో చుట్టుపక్కల నీటిమట్టం కూడా దిగి, ఊటబావి పైపులు గాల్లో తేలతాయి. ఒడ్డు గ్రామాల బోర్లు ఎండుతాయి. వంతెన స్తంభాల చుట్టూ కోత పడుతుంది.

నీరు, నేల, చెట్లను కాపాడేందుకు చేసిన వాల్టా చట్టం నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. వంతెనలు, ఆనకట్టలకు 500 మీటర్ల లోపు ఇసుక తవ్వకూడదు. ఇసుక మందం ఎనిమిది మీటర్లు దాటిన చోట రెండు మీటర్ల లోతు వరకు, మూడు నుంచి ఎనిమిది మీటర్ల మధ్య ఉంటే ఒక మీటరు వరకే తీయాలి. రాత్రిపూట యంత్రాలు ఏట్లో దిగితే ఈ కొలతలకు అర్థం ఉండదు. ఎగువన కట్టల వెనక కొంత ఇసుక ఆగిపోతోంది కనుక, తీసిన గోతులు ఒక్క వరదకు పూడతాయన్న పాత ధీమా కూడా ఇప్పుడు చెల్లదు. ఇళ్లకు ఇసుక కావాలి, అది కాదనలేం. కాని పట్నం తాగే నీటిని తవ్వి పోసి కట్టిన ఇంట్లో వేసవికి ట్యాంకరు కోసం ఎదురుచూడాల్సి వస్తుంది.

కళ్లేపల్లి మొగ

చివరి లింగం కళ్లేపల్లి మణినాగేశ్వరుడు. ఇక్కడ ఏరు వెడల్పై, వాలు దాదాపు లేకుండా మొగ దగ్గరికి, అంటే కడలిలో కలిసే చోటికి, వస్తుంది. అమావాస్య, పౌర్ణమి పోట్లకు ఈ తీరంలో కడలి మీటరున్నర దాకా లేస్తుంది. వరద వచ్చే రోజూ ఆ పోటు రోజూ ఒకటైతే నీరు బయటికి పోలేక పట్నం పల్లపు వీధుల వైపు వెనక్కి తన్నుతుంది. వేసవిలో దీనికి విరుద్ధం. తీరం వెంట ఉత్తరానికి నడిచే కడలి ఇసుక మొగ దగ్గర దిబ్బగా పేరుకుంటుంది. దాన్ని కోసి తెరిచేంత బలం ఏటి పారుదలకు అప్పుడు ఉండదు. రొయ్య పిల్లలు, మొయ్య చేపలు కడలి నుంచి ఏట్లోకి, ఏట్లోంచి కడలికి తిరిగే దారి ఇరుకవుతుంది, ఆ మేరకు వేట తగ్గుతుంది. అక్టోబరు తర్వాత కూడా కొంత నీరు సముద్రం దాకా పోవాలి. దాన్ని వృథా అనడం ఈ మొగ మీద బతికేవాళ్లను లెక్కలోంచి తీసేయడమే.

ఏరు సన్నబడితే పోటుతో పాటు ఉప్పునీరు ఎగువకు పాకుతుంది, నేల లోపల కూడా. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు, కాబట్టి తీరపు ఇసుక నేలల్లో మంచినీటి పొర ఉప్పునీటి మీద తేలుతుంటుంది. కడలి మట్టానికి పైన మంచినీరు ఒక మీటరు ఎత్తున ఉంటే, కింద సుమారు నలభై మీటర్ల దాకా అదే ఉంటుంది. తోడి ఆ ఒక్క మీటరునూ అర మీటరు చేస్తే, కింది నుంచి ఉప్పు ఇరవై మీటర్లు పైకి వస్తుంది. బోరు నీరు ఉప్పగా మారితే ఇంకా లోతుకు దించడం ఇక్కడ పనికిరాని వైద్యం. లోతు తగ్గించి, చిన్న మోటారుతో, గంటసేపు తోడి రెండు గంటలు ఆపుతూ పైపొర నీటినే తీసుకోవాలి. కొబ్బరి మొక్కలు పెట్టేవాళ్లు మే నెల నీటిని పరీక్ష చేయించుకోవాలి. నవంబరులో తీసిన నమూనా ఎప్పుడూ మంచి ఫలితమే చూపిస్తుంది.